గౌరవం సరే, వేతనం సంగతేంటి?

తల్లీ,

గెలిచి మూడు నెలలైంది, ఫోన్ చేసినప్పుడల్లా వార్డు సంగతులే చెబుతున్నావు, సంతోషమే. కానీ మొన్న మాటల్లో మాటగా "డబ్బుల సంగతి అడగాలంటే మొహమాటంగా ఉంది పెదనాన్నా" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు టర్ములు కౌన్సిలర్‌గా చేసి పైసా పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

మనకిచ్చేదాన్ని చాలాచోట్ల జీతం అనరు, గౌరవ వేతనం అంటారు, లేదంటే భత్యం అంటారు. పేరులో ఏముందిలే అనుకోకు. జీతం అంటే నువ్వు ఉద్యోగివి. గౌరవ వేతనం అంటే మామూలుగా ఉద్యోగివి కావు, కాబట్టి ఉద్యోగులకొచ్చే పెన్షన్, సెలవులు, ఏవీ వాటంతట అవి నీకు రావు, ఎవరో అడిగి రూల్‌లో రాయించాలి. అందుకే ముందు అకౌంట్స్ సెక్షన్‌కి కాగితం పెట్టు: నాకిచ్చేదాన్ని రికార్డుల్లో ఏమని రాస్తున్నారు, పన్ను ఎంత కోస్తున్నారు, పెన్షన్‌కి చందా కట్టే వీలుందా, ఉంటే కనీసం ఎన్నేళ్లు చేస్తే అది నాదవుతుంది. జవాబు కూడా కాగితం మీదే తీసుకో. నోటిమాటగా "ఏమీ రాదమ్మా" అంటారు, నాకూ అలాగే అన్నారు, నేను నమ్మేశాను.

రెండోది, డైరీ రాయి. మీటింగులు నెలకి రెండే కదా, దానికి జీతమెందుకు అని అడిగేవాళ్లు నీకు ఎక్కడైనా దొరుకుతారు. ఫైళ్లు చదివిన టైమ్, కాలువ చూడ్డానికి పోయిన టైమ్, రాత్రి పదకొండింటికి మోగిన ఫోన్, అన్నీ రాయి. ప్రయాణం, ఫోన్ బిల్లు మాత్రం వేరే పేజీలో, ఎందుకంటే అవి నీ సంపాదన కాదు, నీ చేతి నుంచి పోయిన ఖర్చు. ఆ రెండూ కలిపేసి "ఇంత ఇస్తున్నాం కదా" అని చూపించడం పాత అలవాటు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. రెండో టర్ములో గౌరవ వేతనం పెంచాలని తీర్మానం పెట్టాను, అదీ ఇంటిపన్ను పెంచిన ఏడాదే! మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది, సాయంత్రానికి నా తీర్మానం నేనే వెనక్కి తీసుకున్నాను, ఆ తర్వాత పదేళ్లు కౌన్సిల్లో ఆ మాట ఎత్తినవాడు లేడు. అడగడం తప్పు కాదు. నా జీతం నేనే తేల్చుకోబోవడం, అదీ నేను కూర్చున్న టర్ముకే, అక్కడ దెబ్బతిన్నాను. అమెరికాలో ఈ చిక్కు కోసం రాజ్యాంగ సవరణే ఉంది, అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, సభ్యులు జీతం మార్చుకుంటే అది మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమల్లోకొస్తుంది. 1789లో ప్రతిపాదిస్తే 1992లో గానీ ఆమోదం పూర్తికాలేదు, అదో వింత. కాబట్టి నువ్వు అంకె అడగకు. అంకె తేల్చడానికి బయటివాళ్లతో ఒక కమిటీ వేయమను, వచ్చే టర్ము నుంచి వర్తించమను. ఇంగ్లాండులో ప్రతి కౌన్సిల్ భత్యాలు తేల్చేముందు స్వతంత్ర ప్యానెల్ సిఫార్సు చూడాలి. ఐర్లాండులో అయితే ఒక సీనియర్ న్యాయవాది 2020లో నివేదిక ఇచ్చాక, 2021 జులై నుంచి కౌన్సిలర్ల జీతం ఏడాదికి 25,788 యూరోలు చేశారు. ఎవరూ తమ జేబు కోసం తాము ఓటేసుకున్నారన్న మాట పడకుండానే పని జరిగింది.

జీతమా, పెన్షనా, రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే పెన్షన్ అడుగు. జీతం ఎప్పుడైనా పెరగొచ్చు, చందా కట్టకుండా పోయిన ఏళ్లు మళ్లీ రావు. అలాగని ఒక్క టర్ము చేసి జీవితాంతం పెన్షన్ అడిగితే జనం తిడతారు, నేనైనా తిడతాను. నీ వాటా నువ్వు, కౌన్సిల్ వాటా కౌన్సిల్ కట్టాలి, ఓడిపోయి వేరే ఉద్యోగానికి పోయినా ఆ సొమ్ము నీ వెంట రావాలి, అలాంటిది అడుగు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2022 జులై నుంచి కౌన్సిల్ తీర్మానిస్తే కౌన్సిలర్లకి రిటైర్మెంట్ నిధి కట్టొచ్చు. వచ్చింది పోదన్న ధీమా మాత్రం వద్దు. ఇంగ్లాండులో కౌన్సిలర్లకి ఉన్న పెన్షన్ పథకాన్ని 2014లో మూసేశారు, వాళ్లు స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లే గానీ ఉద్యోగులు కారని అప్పటి ప్రభుత్వం వాదన. పక్కనే ఉన్న స్కాట్లాండ్, వేల్స్‌లో మాత్రం తీసెయ్యలేదు. కౌన్సిలర్లు చేసే పని మాత్రం మూడుచోట్లా అదే!

సేవకి జీతమేంటి అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకు, బ్రిటన్ కార్మికుల సంగతి చెప్పు. 1838లో వాళ్లు రాసుకున్న ఆరు కోరికల్లో పార్లమెంటు సభ్యులకి జీతం ఒకటి, జీతం లేకపోతే ఆస్తిపరుడు తప్ప ఇంకెవడూ అక్కడ కూర్చోలేడని. ఏడాదికి 400 పౌండ్లు రావడానికి 1911 దాకా పట్టింది. మన కౌన్సిల్లో కూడా నా టైమ్‌లో ఉన్నది వ్యాపారులు, రిటైరైనవాళ్లు, నాలాంటి ఒకరిద్దరు. నేనెలా నెగ్గుకొచ్చానంటావా, మీ పెద్దమ్మ జీతంతో. నిజానికి ఇరవై ఏళ్లు కౌన్సిల్‌కి సబ్సిడీ ఇచ్చింది ఆవిడే, ఆవిడ పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

చివరగా, ఉద్యోగం మానేస్తానన్నావు కదా, ఆ అకౌంట్స్ వాళ్ల జవాబు చేతికొచ్చేదాకా మానకు. కుదిరితే పనిగంటలు తగ్గించమని అడిగి చూడు. డైరీ ఒక నెల పూర్తయ్యాక ఫోటోలు తీసి పంపు, నాకెలాగూ పొద్దుపోవడం లేదు, గంటలు నేను కూడి పెడతాను.

మీ పెదనాన్న