కాంకరర్ అయ్యాక ఏమిటి? ప్రతిభ, అవకాశం, గురువు గురించి నేను చూసినది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 17, ఆకివీడు దగ్గర పల్లె, ఇంటర్ రెండో సంవత్సరం, బీజీఎంఐలో (ఫోనులో ఆడే పబ్జీ తుపాకుల ఆటకు భారతీయ రూపం) వరుసగా రెండు సీజన్లు అన్నిటికంటే పై ర్యాంకైన కాంకరర్, ఇక్కడే ఉండి దేశంలో మొదటి వరుస ఆటగాడు కావడానికి ఈ ప్రతిభ సరిపోతుందా, లేక నగరాల్లో దొరికే అవకాశమూ, చెయ్యి పట్టి నడిపించే మనిషీ లేనిదే సాధ్యం కాదా? నాది రాజోలు పక్క ఊరు. భీమవరంలో ఇంజినీరింగ్ చదివిన రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ అనే, కంప్యూటర్లో జట్లుగా ఆడే తుపాకుల ఆట ఆడాను. 2021 నుంచి రెండేళ్లపాటు మా ఊరి కుర్రాళ్లు నలుగురికి తెలిసీ తెలియని గురువుగా ఉన్నాను. నేను గానీ, వారిలో ఎవరైనా గానీ మొదటి వరుసకు చేరలేదు. కాబట్టి దీన్ని ఎక్కడెక్కడ కాలు జారిందో దగ్గరగా చూసినవాడి మాటగా చదవండి.

ముందు మీ కాంకరర్ సంగతి. ఒక సర్వర్‌లో, ఒక మోడ్‌లో మొదటి 500 మందికే దక్కే హోదా అది, దాన్ని తక్కువ చేయను. అయితే ర్యాంకు పాయింట్లు కొలిచేది ఒకటి, పోటీ కొలిచేది మరొకటి. ర్యాంకు మ్యాచ్‌లో మీ ఎదుట దిగేవారిలో ఆట బాగా తెలిసినవారు కొందరే ఉంటారు. ఓపికగా దాక్కుని చివరిదాకా మిగిలినా పాయింట్లు పెరుగుతాయి, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కూడా అందులో కలిసిపోతుంది. పోటీలో దిగేది 16 జట్లు, 64 మంది. అందరికీ ఎరాంగెల్ మ్యాపు కంఠతా వచ్చు, తర్వాతి జోన్ (ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే సురక్షిత వలయం) ఎటు పడవచ్చో అందరూ ఒకేసారి ఊహిస్తారు, మీరు ర్యాంకులో రోజూ ఖాళీగా చూసే ఇంట్లో అక్కడ ముందే ఒక జట్టు తలుపు వైపు గురిపెట్టి కూర్చుని ఉంటుంది.

ఈ తేడా నాకు భీమవరంలో ఉన్నంత కాలం తెలియలేదు. 2008 ప్రాంతంలో మేం ఆడిన నెట్ సెంటర్‌లో 8 కంప్యూటర్లు ఉండేవి, వాటి మీద మా జట్టును ఓడించినవారు ఏడాదిన్నర పాటు లేరు. ఆ ధైర్యంతో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో ఒక కాలేజీ పోటీకి వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే 16–2 తేడాతో ఓడి, అదే రాత్రి అదే రైలులో తిరిగి వచ్చాం. వారి గురి మాకంటే గొప్పదేమీ కాదు. కానీ ఆయుధాలు కొనడానికి ఆటలో ఇచ్చే డబ్బు చేతిలో లేని రౌండులో పిస్టళ్లతో సరిపెట్టుకుని తర్వాతి రౌండుకు దాచుకోవాలని వారికి తెలుసు. మేం ప్రతి రౌండులోనూ ఉన్నదంతా ఖర్చు పెట్టేవాళ్లం, ఎందుకంటే మా 8 కంప్యూటర్ల లోకంలో ఆ తప్పుకు శిక్ష వేయగలిగినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. మన వైపు పిల్లలకు కొరత అనగానే అందరూ ఖరీదైన ఫోను గురించి మాట్లాడతారు. రోజూ ఓడించేవాడు దొరకకపోవడమే అసలు కొరత అని నేను ఆ రాత్రి రైలులో మొదటిసారి అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ప్రతిభ అనేది లేదని, అంతా సాధనే అని చెప్పేవారి మాట నమ్మకండి. అర్జెంటీనా చదరంగం ఆటగాళ్లపై 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి సుమారు 3,000 గంటల సాధన సరిపోగా మరొకరికి 23,000 గంటలు దాటింది. వేల గంటలు కూర్చున్నా ఆ స్థాయికి చేరనివారూ అందులో ఉన్నారు. సాధన ఒక్కటే ఆ తేడాను వివరించలేదు. కాకపోతే తన ప్రతిభ ఏ పనికి సరిపోయేదో ఆటగాడికి తానుగా తెలియడం అరుదు. మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ సంగతే చూడండి. తండ్రి చిన్నప్పుడే రాకెట్ పట్టించారు, తర్వాత హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి పంపారు, ఇది అవకాశం. అతన్ని చిరాగ్ శెట్టితో జతచేసింది మలేషియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ కోర్టు వెనుక నుంచి స్మాష్ కొట్టే అలవాటున్నవారే కావడంతో ఆ జత కుదురుతుందని మొదట్లో వారికే నమ్మకం లేదు. ఆ జతే 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, ప్రపంచంలో మొదటి ర్యాంకుకు చేరింది. ఈస్పోర్ట్స్‌ను, అంటే వీడియో ఆటల పోటీలను, తొలిసారి పతకాల పట్టికలో చేర్చింది కూడా ఆ క్రీడల్లోనే అన్నది మీకు ఉత్సాహం కలిగించవచ్చు. నేను చెప్పదలచినది మాత్రం టాన్ చేసిన పని గురించి: స్మాష్ కొట్టడం వారికి ముందే వచ్చు, ఎవరు ఎక్కడ నిలబడాలన్నది బయటి మనిషి చూసి చెప్పాడు.

సరిగ్గా ఆ పనిలోనే నేను తప్పాను. మా ఊరి నలుగురిలో ఒకడు నా మేనల్లుడు. నాకు తెలిసిన ఆట కౌంటర్ స్ట్రైక్, అందులో నేను ముందు దూకేవాణ్ని. కాబట్టి వాణ్ని కూడా అసాల్టర్‌గా ముందుకు తోశాను. ఏడు నెలలు వాడు ప్రతి మ్యాచ్‌లోనూ ముందుగా నాక్ అయ్యేవాడు, అంటే దెబ్బతిని కూలిపోయేవాడు. ఒకరోజు వాడు చనిపోయి తెర చూస్తూ కూర్చున్న సమయంలో, మిగిలిన ముగ్గురికి ఎటు వెళ్లాలో, ఏ జట్టు ఏ కాంపౌండులో ఉండి ఉంటుందో తడుముకోకుండా చెబుతుంటే విన్నాను. అడిగితే, "చచ్చాకే మ్యాపు చూసే తీరిక దొరుకుతోంది మావయ్యా" అన్నాడు. జట్టును నడిపించే ఐజీఎల్ బాధ్యత అప్పచెప్పగానే మా ఫలితాలు మారిపోయాయి. ఆ ఏడు నెలలు నేను లేకుండా ఉంటే వాడికే ముందు తెలిసేదేమో. గురువు దొరకడం ఎంత అదృష్టమో, సగం తెలిసిన గురువు దొరకడం అంత ప్రమాదమని మీరు గుర్తుంచుకోవాలి.

నలుగురిలో చేతిలో నిజమైన విద్య ఉన్నవాడు వేరే ఉన్నాడు. వనామీ రొయ్యల చెరువు మీద కాపలా పని అతనిది. ఫోనునే వంచి గురి కదిపే జైరో వాడకంలో, ఒంటరిగా మిగిలి ముగ్గుర్ని ఎదుర్కొనే క్లచ్‌లో, అతనికి సాటివచ్చేవాణ్ని మా ప్రాంతంలో నేను చూడలేదు. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతూ ఉండగా రాత్రి చెరువు గట్టు మీద పాకలో ఆడేవాడు. కరెంటు పోతే మ్యాచ్ మధ్యలో ఫోను పడేసి జనరేటరు వైపు పరుగెత్తేవాడు, ఎందుకంటే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే పంట మొత్తం తేలిపోతుంది. మంచి జట్లతో స్క్రిమ్స్, అంటే జట్లు సాధన కోసం ఆడుకునే మ్యాచ్‌లు, జరిగేది మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో. అతనికి అది మేత వేసే వేళ. రాత్రి పన్నెండు దాటాక దొరికే ప్రత్యర్థులతోనే అతను రెండేళ్లు ఆడాడు, వారి స్థాయి దగ్గరే ఆగిపోయాడు. అవకాశం అంటే నాకు ఇప్పుడు డబ్బు కంటే ముందు ఆ మధ్యాహ్నం వేళే గుర్తుకొస్తుంది.

ఇక పల్లెలో పింగ్ (ఫోను నుంచి సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎక్కువని మీరు చేసిన ఫిర్యాదు. కాలువకు నీళ్లు వదిలిన చాలా రోజులకు గానీ శివారు పొలానికి తడి అందనట్టు, సర్వర్‌కు దూరంగా ఉన్న మనకు ఆట కూడా ఆలస్యంగా అందుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మన డెల్టా నుంచి ముంబైకి సూటిగా సుమారు 1,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అంటే ముంబైలో సర్వర్ ఉన్న ఆటలో దూరం వల్ల రానూపోనూ పడే ఆలస్యం 10 మిల్లీసెకన్లు మాత్రమే. మీకు కనిపించే 90, 120 అంకెల్లో మిగతాదంతా చుట్టుతిరుగుడు దారిదీ, సాయంత్రం వేళ జనంతో నిండిన టవరుదీ, ఇంట్లో రెండు గోడల అవతల ఉన్న వైఫైదీ. మా మేనల్లుడు సిమ్ డేటా మానేసి, కేబుల్ ఆపరేటరు చేత ఫైబర్ వేయించుకుని, రూటరు ఉన్న గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టాక సాయంత్రపు పింగ్ సగానికి తగ్గింది. ఫోను విషయంలో, సెకనుకు 60 ఫ్రేముల నుంచి 90కి వెళితే ఒక్కో ఫ్రేముకు మిగిలేది 6 మిల్లీసెకన్లకు లోపే. వేడెక్కి ఫ్రేములు పడిపోని ఫోను ఉంటే చాలు, ఆ పైన పెట్టే ప్రతి రూపాయికీ ఫలం తగ్గిపోతూ ఉంటుంది.

అధికారిక పోటీల తలుపు పల్లెకు మూసి లేదు. 2021లో మొదలైన తొలి బీజీఐఎస్‌కు (ఈ ఆట అధికారిక దేశవ్యాప్త పోటీ) నమోదు చేసుకున్న జట్లను ఆటలోనే జరిగిన అర్హత మ్యాచ్‌ల ద్వారా వడపోసి 1,024 జట్లను ముందుకు పంపారు. మొత్తం బహుమతి కోటి రూపాయలు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు. మావాళ్లు అలాంటి వడపోతలో ఒకసారి ఒడ్డు దాకా వచ్చారు, అంతలో 2022 జూలై 28న ఆట యాప్ స్టోర్లలోంచి తొలగిపోయింది. తిరిగి వచ్చింది 2023 మే నెలాఖరుకు. ఆ పది నెలల్లో జట్టులో ఒకడు పాలిటెక్నిక్‌లో చేరాడు, మరొకడు గల్ఫ్ ప్రయత్నాల్లో పడ్డాడు. 2020 సెప్టెంబరులో పబ్జీ నిషేధం వచ్చినప్పుడు కూడా ఇలాగే అయిందని గుర్తుచేసుకుంటే, ఒక్క ఆట మీద చదువంతా పణం పెట్టవద్దని మీ ఇంట్లోవారు చెప్పే మాటలో బలం ఉందని ఒప్పుకుంటారు.

వాట్సాప్ గుంపుల్లో జరిగే రూమ్ మ్యాచ్‌ల గురించి కొంచెం కఠినంగా చెప్పాలి. ప్రవేశానికి ఇంత, ఒక్కో కిల్‌కు ఇంత అని డబ్బు తిప్పే ఈ ఆటలు చట్టంతో చిక్కు తెస్తాయన్నది ఒకటి; పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం కూడా ఈస్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తిస్తూనే డబ్బు పందేల ఆటలను నిషేధించింది. రెండోది, అవి ఆటనే పాడుచేస్తాయి. నిజమైన పోటీలో మొదటి స్థానానికి 10 పాయింట్లు, ఒక్కో కిల్‌కు 1. కిల్ కోసం మాత్రమే పరుగెత్తే అలవాటు ఒకసారి వచ్చిందంటే వదిలించడం చాలా కష్టం. ఆరు నెలల రూమ్ మ్యాచ్‌ల తర్వాత మా జట్టులో ఒక కుర్రాడికి జోన్ అంచున నిశ్శబ్దంగా కూర్చోవడమే చేతకాకుండా పోయింది.

చివరికి నలుగురిలో బయటి జట్టు నుంచి పిలుపు వచ్చింది మా మేనల్లుడికీ కాదు, చెరువు కుర్రాడికీ కాదు. నాలుగోవాడికి. మధ్యస్థమైన చెయ్యి, కానీ ఓడిన ప్రతి మ్యాచ్‌ను రికార్డు చేసి, మర్నాడు చూసి, ఎక్కడ ఎందుకు చనిపోయాడో తేదీ వేసి నోటు పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకం ఆలోచన మాత్రం నాదే, నా గురుత్వంలో చెప్పుకోదగ్గది అదొక్కటే. అలవాటు పడ్డాక, పై స్థాయి స్క్రిమ్స్‌లో తనను ఓడించిన ఒక ఐజీఎల్‌కే మర్యాదగా సందేశం పెట్టి, తన తప్పేమిటో అడిగాడు. ఆయన జవాబిచ్చాడు, ఆరు నెలల తర్వాత ఖాళీ వచ్చినప్పుడు ఆయనే గుర్తుపెట్టుకుని పిలిచాడు. వెళ్లిన జట్టు నాలుగు నెలలు చెప్పిన జీతం ఇచ్చి, తర్వాత మూడు నెలలు ఇవ్వక, చేతులు దులుపుకుంది. ఒప్పంద పత్రం ఆంగ్లంలో ఉందని ఇంట్లో ఎవరూ చదవలేదు. బహుమతిలో వాటా ఎంత, మధ్యలో మానేస్తే ఏమిటి, పేరు, యూట్యూబ్ ఛానల్ ఎవరివి అన్న మూడు సంగతులు సంతకానికి ముందు ఒక వకీలు చేత చదివించుకుని ఉంటే సరిపోయేది. ఆ కుర్రాడు ఇప్పుడు ఒక చిన్న జట్టుకు విశ్లేషకుడిగా పనిచేస్తూ డిగ్రీ చదువుతున్నాడు.

మీ విషయానికి వస్తే, 18 నిండేవరకు ఆటే మీకు రోజుకు 3 గంటల పరిమితి పెట్టింది. ఇంట్లోవారి నంబరుతో దాన్ని తప్పించుకుంటున్నట్టు మీ ప్రశ్నలోనే రాశారు, అది మానేయండి. ఆ 3 గంటల్లో ర్యాంకు ఆట ఒక గంటకు తగ్గించి, మిగతా రెండు గంటలు ముగ్గురు స్థిరమైన సహచరులతో, మీకంటే మెరుగైన జట్లు దిగే స్క్రిమ్స్‌కు కేటాయించండి. కింది స్థాయి స్క్రిమ్స్‌కు ఇన్‌స్టాగ్రామ్, డిస్కార్డ్‌లలో రోజూ ఖాళీలు ప్రకటిస్తారు, డబ్బు అడగనివి చాలానే ఉంటాయి. మొదటి నెల ప్రతిరోజూ చివరి నుంచి రెండో స్థానం వస్తుంది. అప్పుడు జట్టు మార్చకండి. ఇంటర్ పరీక్షలు అయ్యాక, మీరు ఓడిన మ్యాచ్‌లలో ఒక పది రికార్డింగులు నాకు సందేశంలో పంపండి. గెలిచినవి వద్దు. నాకంటే ఈ ఆట బాగా తెలిసిన మా నాలుగోవాడికి చూపించి, మీరు నిలబడవలసిన చోటు ఏదని అతనికి తోస్తుందో అడిగి రాస్తాను.