సమ్మర్ అంతా డ్రమ్ కోర్‌కి పంపితే కాలేజీ సీటుకి దెబ్బా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో గ్రేడ్. స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో మెలొఫోన్ అనే ఇత్తడి వాయిద్యం వాయిస్తాడు. చలికాలంలో ఒక డ్రమ్ కోర్‌కి, అంటే సమ్మర్ అంతా ఊరూరా తిరుగుతూ పోటీల్లో వాయిస్తూ మార్చ్ చేసే బృందానికి, ఆడిషన్ ఇస్తే తీసుకున్నారు. మే ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఇంట్లో ఉండడట. ఫీజు 5 వేల డాలర్ల పైనే. మావారేమో అదే డబ్బు పెట్టి రీసెర్చ్ ప్రోగ్రామ్‌లో చేర్పిస్తే కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్‌కి బలం అంటున్నారు. మూడు రోజులుగా వాడు మాతో సరిగ్గా మాట్లాడట్లేదు. అడ్మిషన్‌కి ఈ రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరా?

జవాబు: పోల్చి చెప్తానమ్మా. కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఏటా వస్తుంది. ఒకరింట్లో డ్రమ్ కోర్, ఒకరింట్లో ఈత, ఇంకొకరింట్లో కూచిపూడి అరంగేట్రం. అడిగేది అడ్మిషన్ గురించి, లోపల ఉన్న భయం వేరు. వాడు ఇదే పట్టుకుని రేపు మ్యూజిక్ మేజర్ అంటే ఏం చెయ్యాలి, మన చేయి దాటిపోతాడేమో అని. ఆ భయం సంగతి తేల్చకుండా ఎన్ని పోలికలు రాసినా మీకు నిద్ర పట్టదు.

నేను దూరం నుంచి చూసి చెప్పట్లేదు. 1999 సమ్మర్‌లో నేనూ డ్రమ్ కోర్‌లో మార్చ్ చేశాను. పదమూడేళ్ళప్పుడు తెనాలి నుంచి హ్యూస్టన్ వచ్చినవాణ్ణి. స్కూల్ బ్యాండ్‌లో బ్యారిటోన్ అనే ఇత్తడి వాయిద్యం చేతికిచ్చారు, ఇక వదల్లేదు. కోర్‌లో చోటు దొరికిందని చెప్తే మా నాన్నగారు మూడు రోజులు కాదు, పది రోజులు మాట్లాడలేదు. తెనాలి నుంచి మా నానమ్మ ఫోన్‌లో "పెళ్ళిళ్ళకి వాయిస్తావా నాయనా?" అని ఆప్యాయంగానే అడిగింది. నాన్నగారికి ఆ మాటే గుచ్చుకుంది. మన ఊళ్ళలో బ్యాండ్ మేళం వాళ్ళని ఎంత చిన్నచూపు చూశామో, ఆ చూపు ఆయనతో పాటే విమానం ఎక్కి వచ్చింది. మీ ఇంట్లో కూడా అలాంటిదేదో ఉంటే ముందు దాన్ని బయటకి తియ్యండి. చెమటోడ్చి వాయించే మనిషిలో తక్కువతనం ఏమీ లేదు.

అసలు డ్రమ్ కోర్ అంటే ఏమిటో మీవారికి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. స్కూల్ బ్యాండ్‌కి ఇది పొడిగింపు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు డ్రమ్ములు, బ్యూగిళ్ళతో నడిపిన దళాల నుంచి పుట్టింది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీలు 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊళ్ళో మొదలయ్యాయి. ఇప్పుడు ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియంలో. ఫ్లూట్లు, క్లారినెట్లు ఉండవు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, ఇవే ముఖ్యం. పెద్ద కోర్‌లలో నూటయాభై మందికి అటూఇటూగా ఉంటారు. మేం మార్చ్ చేసినప్పుడు 128 మందే. ఇత్తడి వాయిద్యాలన్నీ జి శ్రుతిలోనే ఉండాలన్న పాత నిబంధనకి అదే ఆఖరి ఏడాది.

రోజు ఎలా ఉంటుందో చెప్తాను. రాత్రి షో అయ్యాక బస్సెక్కితే ఏ మూడింటికో ఇంకో ఊళ్ళో హైస్కూల్ జిమ్ దగ్గర దిగుతాం. చెక్క నేల మీద గాలి పరుపు ఊదుకుని పడుకోవడం. పొద్దున్నే లేచి ఫుడ్ ట్రక్ దగ్గర లైను, తర్వాత మైదానం. అయిదు గజాలకి ఎనిమిది అడుగులు (ఫీట్ కాదు, కాలు తీసి వేసే అడుగులు), అంటే ఒక్కో అడుగుకి 22.5 అంగుళాలు, ఆ కొలత కాళ్ళలోకి ఎక్కేదాకా నడవడమే. ప్రతి ఒక్కరి మెడలో తాడుకి కట్టిన చిన్న నోట్‌బుక్ ఉంటుంది, డాట్ బుక్ అంటాం. షోలో ఏ సెట్‌లో, అంటే ఏ ఆకృతిలో, ఏ గీతకి ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో అందులో ఉంటుంది. నా పుస్తకం అట్ట చెమటకి మెత్తబడి ఊడొస్తే ప్లాస్టర్ వేసి అంటించుకున్నాను. అదింకా నా దగ్గరుంది.

జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. ముందు గీత నుంచి ఆరడుగులు వెనక్కి, వీపు ప్రేక్షకుల వైపు పెట్టకుండా మునివేళ్ళ మీద నడవాలి. నేను రెండడుగులు ఆలస్యమయ్యాను. వెనక కాంట్రా అనే పెద్ద బాకా మోస్తున్న కుర్రాడు వచ్చి నాకు తగిలాడు, ముప్ఫై పౌండ్ల ఇత్తడి నా భుజానికి కొట్టుకుంది. టవర్ మీంచి మాకు నేర్పే మాస్టారు మైకులో "బ్యారిటోన్లలో ఎవరు?" అన్నారు. కోర్‌లో పద్ధతేమిటంటే, తప్పు చేసినవాడు వెంటనే చెయ్యెత్తాలి. ఎత్తాను. "థాంక్యూ. మళ్ళీ చేద్దాం" అన్నారు. అంతే. అందరూ వెనక్కి నడిచి మళ్ళీ మొదటి నుంచి చేశాం. తిట్లు లేవు, పక్కింటి అబ్బాయితో పోలిక లేదు.

అంతకుముందు తప్పు అంటే నాకు దాచేసే వస్తువు. తొమ్మిదో గ్రేడ్‌లో లెక్కల టెస్టు పేపర్లు దిండు గలీబులో పెట్టేవాణ్ణి. ఆ సమ్మర్ తర్వాత కాలేజీలో ఒక కోర్సులో ఫెయిల్ అవుతున్నానని తెలిసిన రోజే నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ ఫోన్ చెయ్యగలిగాను కాబట్టే ఆ కోర్సు గట్టెక్కింది. మీ అబ్బాయికి అక్కడ దొరికేది సర్టిఫికెట్ కాదమ్మా, ఇది.

ఇప్పుడు మీవారు చెప్పే రీసెర్చ్ ప్రోగ్రామ్ సంగతి. దీని మీద నాకు ఏళ్ళుగా అనుమానాలున్నాయి, దాచుకోను. ఈ మధ్య మన ఇళ్ళల్లో ఇదో ఫ్యాషన్ అయింది. పేరున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు మూడు వారాలు, వేలల్లో ఫీజు, చివర ఒక పేపర్. క్యాంపస్‌లో జరిగినంత మాత్రాన ఆ యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీస్‌కి దానితో సంబంధం ఉందని కాదు. డబ్బు కట్టిన దాదాపు అందరికీ చోటిచ్చే దాన్ని ఎంపిక అనలేం. అడ్మిషన్ ఫైళ్ళు చదివేవాళ్ళు ఇలాంటివి రోజూ చూస్తారు.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి అప్లికేషన్‌లో మెషీన్ లర్నింగ్ మీద పేపర్ ఉంది. "ఇందులో నువ్వు కనిపెట్టిందేమిటి నాన్నా?" అని అడిగాను. వాడు నా వైపు చూడలేదు, పక్కన కూర్చున్న వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆ చూపు చూశాక నేను మళ్ళీ అడగలేదు. పదహారేళ్ళ పిల్లాడి పేరు మీద పెద్దవాళ్ళు రాసిన పేపర్ వాడికి ఇచ్చింది గర్వం కాదు, దొరికిపోతానేమోనన్న టెన్షన్.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి ఫీజు లేదు. మన టెక్సాస్ టెక్‌లో క్లార్క్ స్కాలర్స్ ఏడు వారాలు, ఎదురు స్టైపెండ్ ఇస్తారు. వాటిలో సీటు దొరకడం చాలా కష్టం. మీ అబ్బాయికి అలాంటి చోట సీటు వచ్చి, వాడే వెళ్తానంటే నేను వేరేలా ఆలోచించేవాణ్ణి. మీరు చెప్తున్నది అది కాదు కదా. మనం కొనేదాన్ని వాడు సాధించినదిగా చూపించడం మీవారికి నిజంగా సమ్మతమేనా, ఆయన్నే అడగండి. కటువుగా ఉందని తెలుసు. పిల్లాడి సమ్మర్‌ని ఇన్వెస్ట్‌మెంట్ లెక్కలా చూసే తండ్రులకి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక మీరడిగిన పోలిక. ఎస్ఏటీ, ఏపీ పరీక్షల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, వదిలేస్తున్నాను. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల ఆటోమేటిక్ అడ్మిషన్ చూసేది క్లాస్ ర్యాంకు. ఈ రెండు సమ్మర్లలో ఏదీ ఆ ర్యాంకుని ఒక్క మెట్టు కూడా జరపదు. ఆటోమేటిక్ అడ్మిషన్ వచ్చినా కంప్యూటర్ సైన్స్ సీటు దానంతట అది వస్తుందని లేదు, అక్కడ లెక్కల కోర్సులు, ప్రాజెక్టులు, వ్యాసం చూస్తారు. చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్‌గా పనికొచ్చే కామన్ యాప్‌లో యాక్టివిటీలకి పది గళ్ళు, ఒక్కోదానికి వివరం 150 అక్షరాలే. డ్రమ్ కోర్ అయినా, రీసెర్చ్ అయినా ఆ ఒక్క గడిలోనే ఇమడాలి. వ్యాసానికి మాత్రం 650 పదాలుంటాయి. అక్కడ రాయడానికి చెమట పట్టిన అనుభవం ఉన్నవాడికి మాటల కరువు రాదు. అలాగని వ్యాసం కోసం పంపకండి. అలా పంపిస్తే వాడికి తెలిసిపోతుంది.

ఇబ్బందులు లేవని అనను. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుస్తారు, ఆ రోజుకి మీవాడు ఏదో పార్కింగ్ లాట్‌లో వార్మప్ చేస్తుంటాడు. కాబట్టి వ్యాసాల చిత్తుప్రతులు ఏప్రిల్‌లోనే రాయించండి. కోర్ శిక్షణ మొదలయ్యే తేదీ స్కూలు ఆఖరి వారంతో కలిస్తే కౌన్సెలర్‌తో ఇప్పుడే మాట్లాడండి. ఎండ మామూలుగా ఉండదు, మోకాళ్ళు, పిక్కలు మొరాయిస్తాయి. వెళ్ళేలోపు రోజూ నడిపించండి, నీళ్ళు తాగడం అలవాటు చెయ్యండి.

డబ్బు కట్టేముందు ఆ సంస్థ ఆర్థిక పరిస్థితి అడగండి. 1934లో పుట్టిన కెడెట్స్ కోర్ 2024లో మూతపడింది. ఎన్నోసార్లు చాంపియన్ అయిన శాంటా క్లారా వాన్‌గార్డ్ 2023 సీజన్‌లో దిగనేలేదు. సీజన్ ఆగిపోతే ఫీజు వెనక్కి ఇస్తారా, సిబ్బంది అందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారా, పిల్లలకి కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. వాటికి చిరాకు పడే కోర్ అయితే నేనూ వద్దంటాను. ఫీజు పూర్తిగా మీరే కట్టకండి. కొంత వాడు సంపాదించి కట్టనివ్వండి. నేను కిరాణా కొట్లో సంచులు సర్ది కట్టాను.

'వచ్చే ఏడాది చూద్దాం' అని మీవారు అనొచ్చు. లెక్క తిరగబడేది అక్కడే. కోర్‌లో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ దగ్గర వయసు పరిమితి ఉంది, ఆఖరి ఏడాది వాళ్ళని 'ఏజ్ అవుట్' అంటారు. హెచ్-4 మీద, అంటే ఇరవై ఒకటి నిండేదాకే చెల్లే డిపెండెంట్ వీసా మీద, పిల్లలున్న ఇళ్ళల్లో ఆ మాట వింటేనే గుండె గతుక్కుమంటుంది, నాకు తెలుసు. ఇక్కడ దాని అర్థం అంత భయంకరం కాదు, కానీ టైమ్ తక్కువే. పైగా ఇంజనీరింగ్‌లో చేరాక రెండో ఏడాది, మూడో ఏడాది సమ్మర్లు ఇంటర్న్‌షిప్‌లకి కావాలి. అప్పుడు వెళ్తానంటే మీ పక్షాన నేనే వాడితో వాదిస్తాను. కాబట్టి వెళ్ళాలంటే అన్నిటికంటే తక్కువ నష్టం ఉన్న సమ్మర్ ఇదే.

మ్యూజిక్ మేజర్ అంటాడేమో అన్న భయానికి వస్తాను. నాతో పాటు జిమ్ నేల మీద నిద్రపోయిన, నాతో నడిచిన పిల్లల్లో నర్సులున్నారు, లాయర్లున్నారు, బ్యాండ్ డైరెక్టర్లూ ఉన్నారు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి పదేళ్ళు ఆ ఉద్యోగమే చేశాను. ఒకవేళ వాడు సంగీతమే అన్నా, టెక్సాస్ హైస్కూల్ బ్యాండ్ డైరెక్టర్ అంటే స్కూల్ డిస్ట్రిక్ట్ జీతం, బెనిఫిట్స్ ఉన్న ఉద్యోగం. రోడ్డున పడడు. మనలాంటి ఆసియా కుటుంబాల పిల్లలెవరూ అందులో ఉండరు అనుకోకండి. శాక్రమెంటోలో మాండరిన్స్ అనే కోర్ 1963లో అక్కడి చైనా కుటుంబాల పిల్లల కోసమే మొదలైంది. అక్కడి తల్లిదండ్రులు తమ పిల్లల్ని తామే పంపారు. ఇప్పుడది దేశంలో పెద్ద కోర్‌లలో ఒకటి.

వాడు మీ చేయి దాటిపోడు. మీరు అందులోకి వెళ్ళండి. చాలా కోర్‌లలో తల్లిదండ్రులు వారం రోజులు ఫుడ్ ట్రక్‌లో కూరగాయలు తరగడానికి వస్తారు. మీరు వెళ్తే ఆ నూటయాభై మంది పిల్లలూ మిమ్మల్ని మర్చిపోరు. మీవారిని జూలైలో శాన్ ఆంటోనియో అలమోడోమ్ షోకి తీసుకెళ్ళండి, మీకు కారులో అయిదారు గంటలు. వాణ్ణి వెతకొద్దని చెప్పండి, ముందు మొత్తం చూడమనండి.

మా నాన్నగారు ఆఖరికి విస్కాన్సిన్‌లోని మాడిసన్ వచ్చారు, ఆ ఏడు ఫైనల్స్ అక్కడే. మా కోర్ ఫైనల్స్‌కి చేరే తొలి పన్నెండులోకి రాలేదు. ఫైనల్స్ రాత్రి ఆయనా నేనూ స్టాండ్‌లో పక్కపక్కన కూర్చున్నాం. బ్లూ డెవిల్స్, శాంటా క్లారా కోర్‌లు మొదటి స్థానంలో సమానంగా నిలిచాయని ప్రకటించినప్పుడు స్టేడియం అంతా లేచింది. ఆయనా లేచారు. తర్వాత నా డాట్ బుక్ అడిగి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, "ఇన్ని కొలతలూ నీకు నోటికొచ్చా?" అన్నారు. వచ్చన్నాను. పార్కింగ్‌కి నడిచేదాకా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది.

మీవాడి కాంట్రాక్ట్ మీద తల్లిదండ్రుల సంతకం ఉంటుంది కదమ్మా, అది మీవారితో పెట్టించండి. నా కాగితం మీద మా అమ్మ ఒక్కత్తే పెట్టింది.