పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసుల ‘హిట్ డైస్’ లెక్క, అంటే ప్రాణం ఎంతో తేల్చే పాచికల లెక్క, ఎక్కడిది?

బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటలది. ఒక జీవి ఎంతమంది సైనికుల పెట్టు అన్నదే దాని మూలం. 1971 నాటి చెయిన్‌మెయిల్ అనే అలాంటి ఆటలో మామూలు సైనికుడు ఒక్క దెబ్బకే పోతాడు, వీరుడు నలుగురి పెట్టు. 1974లో ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. పెంచుకున్న పాత్ర ఒక్క దెబ్బకు పోతే ఇంకేం ఆట? అందుకే ఒక్కో దెబ్బ స్థానంలో ఒక్కో పాచిక పెట్టారు. ఓగర్ అనే భారీ రాక్షసుడికి 4+1 అంటే ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి ఒకటి కలపడం: 3, 5, 2, 6 పడితే 17 పాయింట్ల ప్రాణం. 1975లో ఆటకు వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకం రాక్షసులకు ఎనిమిది ముఖాల పాచిక ఇచ్చింది.

ఆటగాళ్ల పాత్రలకు లాగే రాక్షసులకూ మొదటినుంచీ బలం, చురుకుదనం లాంటి ఆరు గుణాల అంకెలు ఉండేవనుకుంటారు. లేవు. అవి అన్నిటికీ వచ్చింది 2000లో, మూడో ఎడిషన్‌తో.