సినిమా ప్రశ్నలు – జవాబులు: ‘లా హేన్’ ఎలా తీశారు, ఎందుకంత గొడవైంది?

మాత్యూ కాసోవిట్జ్ తీసిన ఫ్రెంచ్ సినిమా ‘లా హేన్’ (1995) గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి చోటిచ్చాం. చూడనివారికి క్లుప్తంగా కథ: పారిస్ శివారులో ఒక హౌసింగ్ కాలనీ. పోలీసు దెబ్బలకు ఓ కుర్రాడు ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉంటాడు. రాత్రంతా అల్లర్లు జరుగుతాయి. ఆ గొడవలో ఒక పోలీసు పోగొట్టుకున్న రివాల్వర్ విన్స్‌కి దొరుకుతుంది. విన్స్, ఉబేర్, సయీద్ అనే ముగ్గురు స్నేహితులు ఉదయం 10:38 నుంచి మర్నాటి తెల్లవారుజాము 6:01 దాకా ఎలా గడిపారన్నదే సినిమా.

ప్రశ్న: విన్స్ బాత్రూమ్ అద్దం ముందు నిలబడి వేళ్లు తుపాకీలా పెట్టి బెదిరిస్తాడు. కెమెరా అతని వెనక నుంచి దగ్గరికి వెళ్తుంది. అద్దంలో కెమెరా కనపడదేం? కంప్యూటర్‌లో చెరిపేశారా?

జవాబు: చెరపలేదు. అసలక్కడ అద్దమే లేదు. అద్దం ఉండాల్సిన చోట ఖాళీ వదిలారు. మనవైపు వీపు పెట్టి నిలబడ్డది డూప్. ఖాళీకి అవతల నిలబడి మనకేసి చూస్తున్నది విన్స్ పాత్రధారి విన్సెంట్ కాసెల్.

ఈ పద్ధతి ప్రయత్నించాలనుకునేవాళ్లు కొన్ని చూసుకోవాలి. అవతలి గదిని కుడిఎడమలు మార్చి అమర్చాలి. డూప్ కుడిచెయ్యి ఎత్తితే ఎదుటి నటుడు ఎడమచెయ్యి ఎత్తాలి. చాలామంది ఇక్కడే తడబడతారు, రిహార్సల్ అంతా దీనికే పోతుంది. అక్షరాలున్న సీసాలు, డబ్బాలు అవతల పెట్టకూడదు, రాత తిన్నగా కనపడిందంటే గుట్టు రట్టయినట్టే. డూప్ నటుణ్ణి చూసి అనుకరిస్తాడు కాబట్టి రవ్వంత ఆలస్యం తప్పదు. అందుకే అతన్ని ఫ్రేములో ఓ అంచుకు పెట్టి, కెమెరా త్వరగా అతన్ని దాటిపోయేలా చూసుకోవాలి. ఆ తర్వాత ప్రేక్షకుడికి పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: ముగ్గురూ పారిస్ చేరాక ఒక షాట్‌లో మనుషులు అలాగే ఉండి వెనక నగరం మాత్రం మీదికొచ్చేస్తుంది. దాని కిటుకేమిటి?

జవాబు: కెమెరా ఉన్న ట్రాలీని వెనక్కి లాగుతూ, అదే వేగంతో లెన్స్‌ను జూమ్ ఇన్ చేయడం. లెక్క తేలికే: దూరం ఎన్ని రెట్లు పెరిగితే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే ఎం.ఎం. అంకె) అన్ని రెట్లు పెరగాలి. 2 మీటర్ల దూరంలో 25 ఎం.ఎం. ఉంటే, 4 మీటర్లకు 50, 8 మీటర్లకు 100. అలా చేస్తే మనిషి సైజు మారదు, వెనకున్నది మాత్రం ఉబ్బి, మసకబారుతుంది. చేతితో చేసేటప్పుడు తప్పు సాధారణంగా జూమ్ వేగం దగ్గర వస్తుంది. ట్రాలీ సమవేగంతో పోతుంటే జూమ్ రింగు ముందో వెనకో అయి, మనిషి ఒక్క క్షణం పెద్దగా, మరుక్షణం చిన్నగా అవుతాడు. ట్రాక్ మీద ప్రతి అర మీటరుకూ గుర్తు పెట్టి, రింగు మీద దానికి జోడీ గుర్తు పెట్టుకోవాలి. ఫోకస్ తిప్పడానికి ఇంకో మనిషి తప్పనిసరి. నటులు అడుగు కదలకూడదు.

ఆ షాట్ చమత్కారం కోసం పెట్టింది కాదు. కాలనీ సీన్లన్నీ ఎక్కువగా వైడ్ లెన్సులతో, ట్రాలీ మీద సుదీర్ఘమైన షాట్లుగా, కుడి ఎడమల నుంచి వేర్వేరుగా వినిపించే స్టీరియో శబ్దంతో ఉంటాయి. పారిస్‌లో చిన్న యూనిట్, చేతిలో కెమెరా, దూరాన్ని దగ్గరగా చూపే పొడవు లెన్సులు, అంతా ఒకే చోటు నుంచి వచ్చినట్టుండే మోనో శబ్దం. తమ కాలనీలో ఆ కుర్రాళ్లకు చుట్టూ చోటుంది. నగరంలోకి రాగానే నేపథ్యం వాళ్ల నుంచి తెగిపోతుంది. ఈ షాట్ ఆ రెంటికీ మధ్య గడప. మా దృష్టిలో సినిమాలో ఇంతకన్నా తెలివైన నిర్ణయం లేదు.

ప్రశ్న: కలర్‌లో తీసి బ్లాక్ అండ్ వైట్ చేశారంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. తీసింది కలర్ ఫిల్మ్ మీద, విడుదల బ్లాక్ అండ్ వైట్‌లో. బ్లాక్ అండ్ వైట్ ఆడదేమోనని పెట్టుబడి పెట్టినవాళ్లు జంకడమే కలర్‌లో తీయడానికి కారణం. ఇలా తీసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. కాబట్టి మనిషినీ గోడనూ వేరుచేయాల్సింది రంగు కాదు, వెలుగు. ఛాయాగ్రాహకుడు పియెర్ ఐమ్ పనితనం అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: ఇది జరిగిన కథేనా? అలాంటి కాలనీలో షూటింగ్‌కు ఎలా ఒప్పుకున్నారు?

జవాబు: కథ కల్పితం, కారణం నిజం. 1993 ఏప్రిల్‌లో పారిస్ పోలీస్ స్టేషన్లో మకోమె ఎంబొవోలె అనే 17 ఏళ్ల కుర్రాడు విచారణలో తలకు తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. దాంతోనే కాసోవిట్జ్ రాయడం మొదలుపెట్టాడు. చాలా మునిసిపాలిటీలు కాదన్నాక పారిస్ శివారు ఊరు షాంత్లూ లె వీన్ ఒప్పుకుంది. నటులు ముందుగానే ఆ కాలనీలో కాపురం పెట్టారు, స్థానికులు చిన్న వేషాలు వేశారు. సినిమాలో ఓ డీజే కిటికీలో స్పీకర్లు పెట్టి ర్యాప్‌లో ఫ్రెంచ్ గాయని ఎదీత్ పియాఫ్ గొంతు కలిపినప్పుడు ఇళ్లపై తేలిపోయే షాట్‌ను రిమోట్‌తో నడిచే చిన్న హెలికాప్టర్‌కు కెమెరా కట్టి తీశారు. డ్రోన్లు లేని రోజులవి.

ప్రశ్న: విడుదలైనప్పుడు పోలీసులు ఎందుకు కోప్పడ్డారు? విమర్శకులంతా మెచ్చుకున్నారా?

జవాబు: 1995 మేలో కాన్ చలనచిత్రోత్సవంలో కాసోవిట్జ్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. అప్పటికి అతని వయసు 27. కాపలా పోలీసులు మాత్రం చిత్రబృందానికి వీపు చూపించారు. తమను హంతకులుగా చూపారన్నది వాళ్ల కోపం. సినిమాలో మంచి పోలీసూ ఉన్నాడు, కస్టడీలో సయీద్‌నూ ఉబేర్‌నూ హింసించే సీను పక్కన అతను ఎవరికీ గుర్తుండడంతే. అప్పటి ఫ్రాన్స్ ప్రధాని అలెన్ జుప్పే మంత్రులకు ప్రత్యేకంగా ఈ సినిమా వేయించాడు. జూన్‌లో పారిస్ శివారు న్వాజీ లె గ్రాన్‌లో అల్లర్లు చెలరేగితే కొందరు నెపం సినిమా మీదికి నెట్టారు. పోలీసుల చేతుల్లో మరణాలూ అల్లర్లూ అంతకుముందు నుంచే ఉన్నాయి కాబట్టి ఆ వాదన నిలవదు. ఫ్రాన్స్‌లో 20 లక్షల మందికి పైగా చూశారు. 1996లో ఉత్తమ చిత్రం, నిర్మాత, ఎడిటింగ్ విభాగాల్లో సెజార్‌లు (ఫ్రాన్స్ సినిమా అవార్డులు) వచ్చాయి.

మెచ్చనివాళ్లూ ఉన్నారు. యూదు, నల్లజాతి, అరబ్ కుర్రాళ్లను ఒక్కొక్కరిని ఏరి కూర్చినట్టుందని, శివారు బతుకు తెలియని దర్శకుడు పేదరికాన్ని అందంగా అలంకరించాడని అన్నారు. రెండో మాటతో మేం ఏకీభవించం. ఆ ఇళ్లను దీనంగా చూపకపోవడమే అతను ఆ మనుషులకిచ్చిన మర్యాద. ఆడవాళ్లకు చోటు లేదన్న విమర్శ మాత్రం కాదనలేం. అక్కచెల్లెళ్లు, తల్లులు, అమ్మమ్మ ఇలా వచ్చి అలా వెళ్లిపోతారు. వాళ్లకంటూ ఒక్క పూర్తి సీను రాయలేదు.