కాటన్ దొర దేవుడా, కంపెనీ మనిషా?

ప్రశ్న: మాది కోనసీమ. డిగ్రీలో హిస్టరీ చదువుతున్నాను. మా తాతయ్య కాటన్ దొర పటానికి రోజూ దండం పెడతారు. మా లెక్చరర్ గారేమో ఆ ఇంగ్లీషు ఇంజనీరు గోదావరి మీద ఆనకట్ట కట్టింది శిస్తు కోసమే, దొర రాసిన రిపోర్టుల నిండా లాభం లెక్కలే అన్నారు. ఇంట్లో ఈ మాట అంటే పెద్ద గొడవైంది. ఎవరిని నమ్మాలి?
- ఒక విద్యార్థిని, అమలాపురం దగ్గర

జవాబు: గొడవ ఎందుకమ్మా, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు కాటన్ రిపోర్టులు రాసింది మద్రాసు ప్రభుత్వానికి, అంటే డబ్బు మంజూరు చేయాల్సిన ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి. లోను కోసం నువ్వే బ్యాంకుకు అర్జీ పెట్టావనుకో, అసలూ వడ్డీ ఎలా తీరుస్తావో రాస్తావు గాని మా ఊరంటే నాకు ప్రాణం అని రాయవు కదా! అందుకని ఆ కాగితాలు చూసి దొర మనసులో జాలి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. కంపెనీ దేనికి కదులుతుందో మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

తాతయ్య మాటా ఆధారమే. కాకపోతే అది 1852 నాటి సంగతి కన్నా ఆ తర్వాత కాలువ నీళ్ళతో పండిన పొలాల సంగతి ఎక్కువ చెబుతుంది. కాలువ మొదట్లో పొలం ఉన్నవాడికి దొర దేవుడే. కాలువ చివరనున్న శివారు రైతుని కదిపి చూడు, ముందు వంతు నీళ్ళ తగాదా చెబుతాడు. మా మేనమామది శివారు పొలం, ఆయన నోట కాటన్ పేరు నేను ఒక్కసారీ వినలేదు.

ఇక రాళ్ళు మోసిన వేలాది కూలీలు? దొర దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పేరైనా మిగిలింది, వాళ్ళ పేర్లు ఏ రిపోర్టులో వెతుకుతాం.

ఇలాంటి ఆధారాలు ఎలా చదవాలో తెలియాలంటే, కుదిరితే ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరాలయంలో శాసనాలు చూడు. చెక్కించింది దాతలు కాబట్టి బిరుదులు, పొగడ్తలు బారెడు. ఆ భాగం నేను సగమే నమ్ముతాను. కానీ అఖండ దీపానికి ఇన్ని గొర్రెలిచ్చాం, ఫలానా బోయడు వాటిని తీసుకుని రోజూ మానెడు నెయ్యి పోయాలి అని పనిలో పనిగా చెప్పిన మాటలుంటాయి చూశావా, అవి నాకు బంగారం. అక్కడ గొప్పలు పోయి ప్రయోజనం లేదు, లెక్క తప్పితే దీపం కొండెక్కుతుంది. దాతల గొప్ప కోసం చెక్కిన రాయి మీదే గొర్రెలు కాసినవాడి పేరూ దొరికింది మనకి.

కాబట్టి తాతయ్యని దొర మంచివాడా కాదా అని అడగకు, మళ్ళీ గొడవే. మన పొలం కాలువకి ఎంత దూరం, వాళ్ళ నాన్నగారి రోజుల్లో నీటి తీరువా ఎంత కట్టేవారు, పాత రసీదులు పెట్టెలో ఏమైనా ఉన్నాయా అని అడుగు. ఉంటే ఫోటో తీసి మాకూ పంపు.