బీచ్‌లో నల్ల ఇసుక నిక్షేపానికి మ్యాప్ ఎలా గీస్తారు?

భీమిలి బీచ్‌లో కనిపించే నల్లటి చారలు ఖనిజమేనా, వాటిని మ్యాపులో ఎలా చూపిస్తారని అడిగారు. ఖనిజమే, ఎక్కువగా ఇల్మనైట్ (ఇనుము, టైటానియం ఉన్న నల్లటి ఖనిజం). తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏళ్ల తరబడి సముద్రానికి చేరిన సరుకు. క్వార్ట్జ్ ఇసుక నీటికంటే 2.65 రెట్లు బరువైతే, ఇల్మనైట్ దాదాపు 4.7 రెట్లు. అల తేలిక రేణువులను లాగేసుకుపోతుంది, బరువైనవి మిగులుతాయి.

పైకి కనిపించే చారను నమ్మితే మోసపోతాం, ఒక్క తుఫానుకు మాయం! అందుకే ఉపగ్రహ చిత్రాల్లో పాత తీరరేఖలు, దిబ్బలు వెతుకుతారు. ఈ ఇసుకలోనే ఉండే మోనజైట్ అనే ఖనిజంలో రేడియోధార్మిక థోరియం ఉంటుంది కాబట్టి గామా కిరణాలు కొలిచినా ఆచూకీ దొరుకుతుంది. తర్వాత వరుసగా బోర్లు వేసి, లోతులవారీగా తీసిన ఇసుకను బ్రోమోఫాం అనే బరువైన ద్రవంలో పోస్తారు. క్వార్ట్జ్ తేలుతుంది, బరువు ఖనిజాలు మునుగుతాయి. ఆ శాతాలను బట్టే నిక్షేపం హద్దు గీస్తారు.