కథలో రాజ్యానికి పేరుకే ఉండే ప్రాంతాలు, బిరుదులు ఎలా పెట్టాలి?

కథ కోసం కల్పించిన దేశంలో, యువరాజుకు తన పాలనలో లేని ప్రాంతం పేరుతో బిరుదు ఇస్తే జనం నమ్ముతారా అని అడిగారు. తప్పకుండా నమ్ముతారు, మన దగ్గర అచ్చం అలాగే జరిగింది. ఆరో నిజాం 1902లో, ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరార్‌ను ఏడాదికి 25 లక్షల రూపాయలకు బ్రిటిష్ వాళ్లకు శాశ్వత కౌలుకిచ్చాడు, అక్కడ పాలన అంతా వాళ్లదే, అయినా 1936 ఒప్పందంతో ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాకు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ హోదా వచ్చింది. నేల చేతిలో లేకపోయినా హక్కు మాదే అని చెప్పుకోవడానికే ఆ పేరు. కాబట్టి ముందు ఆ ప్రాంతం ఎట్లా పోయిందో రాసుకోండి, బిరుదు తర్వాత.

బిరుదులకు మెట్లు కూడా ఉండాలి. నిజాం దర్బారులో జంగ్ కంటే దౌలా పెద్దది, ఆపైన ముల్క్, ఉమ్రా, అన్నిటికంటే పైన జా. రుద్రమదేవి ‘రాయగజకేసరి’ (రాజులనే ఏనుగులకు సింహం) వేరే రకం, అందులో ఊరు లేదు, పరాక్రమమే.

ఇంకొకటి, అధికారం పోయాక జనం నోట్లో ఏం మిగులుతుందో చూపించండి. మా హనుమకొండ వైపు పల్లెల్లో గోడలు కూలి, లోపల తుమ్మచెట్లు మొలిచిన ఇంటిని ఇప్పటికీ దొర గడి (భూస్వామి కోటలాంటి ఇల్లు) అనే అంటారు.